ముల్లు గెంతని గోడ

గోడ ఏదో తేల్చి పెట్టుకోండి మేడమ్, నేనొచ్చాక ఇక్కడా అక్కడా అంటే కుదరదు, నాకు సాయంత్రం ఇంకో ఇంట్లో పనుంది, అన్నాడు ఫిట్టర్. గంటలో వస్తానని ఫోన్ పెట్టేశాడు. ఆమె మాత్రం ఫోన్ చెవికి ఆనించుకునే కాసేపు నిలబడింది, అవతల్నుంచి ఇంకా ఎవరో ఏదో చెబుతారన్నట్టు. తేల్చడానికేముంది, ఇన్నాళ్లుగా తేలుస్తూనే ఉంది. షాపువాడు కాగితంలో చుట్టి ఇచ్చిన రెండు ఇనప బ్రాకెట్లు, వాటిమీద పరిచే మందపాటి పలక హాల్లో కుర్చీ మీద పడున్నాయి, ఎవరింటికో వచ్చి పలకరింపు కోసం చూస్తున్న చుట్టాల్లా. పక్కన పొట్టి బీరువా మీద రికార్డు ప్లేయర్. రేడియో స్టేషన్ వాళ్లు పాత సామాను వదిలించుకుంటున్నప్పుడు ఆమె తెచ్చుకున్నది, ఇద్దరు మనుషులు ఆయాసపడుతూ మెట్లెక్కించినది. దాని పళ్లెం మీద వేలు పెట్టి మెల్లగా తిప్పితే ఇప్పటికీ వెన్నలో తిరిగినట్టు తిరుగుతుంది. దానిలో ఏ లోపమూ లేదు. ఉన్న లోపమంతా కింద ఉంది, నేలలో.

నేల చెక్కది. పాత భవనం, పై అంతస్తు, దూలాల మీద పలకలు పరిచి పైన మెరుగు పెట్టారు, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, నడిస్తే మాత్రం ఇల్లంతా ఉలిక్కిపడుతుంది. అందులోనూ అక్క నడిస్తే. అక్క స్కూల్లో డ్రిల్ టీచరు. మైదానంలో ఈ చివర్నుంచి ఆ చివరికి వినపడేలా అరవడం, ఎండలో అంగలు వేసుకుంటూ తిరగడం అలవాటైన మనిషి, ఇంట్లో కూడా మైదానంలో నడిచినట్టే నడిచేది. వంటింట్లోంచి హాల్లోకి వచ్చేలోపు గాజు గ్లాసులు ఒకదాన్నొకటి పలకరించుకునేవి, ముల్లు ఎగిరి పాట మధ్యలోంచి ఇంకో మధ్యలోకి దూకేది. మెల్లగా, అని ఆమె కేకేసేది. నేను మామూలుగానే నడుస్తున్నానే పిల్లీ, నేలే నన్ను చూసి వణుకుతోంది, అనేది అక్క. ఆమె పిల్లి, అక్క రోడ్డు రోలరు. చిన్నప్పుడు పెట్టుకున్న పేర్లు, జుట్టు నెరిసినా వదల్లేదు. పిల్లీ ఆ టవలిలా ఇవ్వు. రోడ్డు రోలరూ, దేవుడి మీద ప్రమాణం చేస్తున్నా, ఈ రికార్డు అయ్యేదాకా కుర్చీలోంచి లేచావంటే చూడు. అక్క నిజంగానే కూర్చునేది పాపం, రెండు కాళ్లూ పైకి మడిచి పెట్టుకుని, నీటిలో పడవెక్కినవాళ్లలా. కాసేపటికి ఏదో గుర్తొచ్చేది, గ్యాస్ కట్టానో లేదో, మైదానం గేటు తాళమేదో, లేచేది, ఒక్కటే అడుగు, అంతే, వయొలిన్ కాస్తా కీచుమని ఎటో పోయేది.

ఇప్పుడా వయొలిన్ రికార్డు కవరు లోపలే ఉంది. అక్క వెళ్లిపోయిన కొత్తలో తీసి పెట్టింది, ఇక చూసుకో, నీదే రాజ్యం, అనుకుంటూ. పెట్టి, టీ పెట్టుకుందామని వంటింటి వైపు నడిచింది. ముల్లు గెంతింది. ఆమె గిర్రున వెనక్కి తిరిగింది, మెల్లగా అన్న మాట నోట్లోకి కూడా వచ్చేసింది, తిరిగాక తెలిసింది నడిచింది తనేనని. ఆ క్షణం ఎంత సిగ్గేసిందో ఎవరికి చెబుతుంది. ఇన్నేళ్లూ తను గాలిలా నడుస్తానని, గెంతించేదంతా అక్కేనని అనుకుంది. అక్క అడుగుల మోతలో తన అడుగు లెక్కకు రాలేదంతే. మళ్లీ మొదట్నుంచి పెట్టి, కుర్చీలో కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, ఊపిరి కూడా ఆచితూచి తీసుకుంటూ ఒక వైపంతా విన్నది. ఏ అడ్డంకీ లేకుండా అయిపోయింది. లేచి రెండో వైపు తిప్పబోయి ఆగింది. ఇంట్లో ఉన్నది ఒక్క మనిషి, ఆ ఒక్క మనిషి కూడా కదలకూడదంటే ఇదేం సంసారం, అనిపించింది. అప్పుడు మొదలైంది ఈ స్టాండు గొడవ.

ముందు పాత కుట్టుమిషను ఇనప కాళ్ల మీద పెట్టి చూసింది. బరువైనదైతే కదలదనుకుంది, కానీ నేలే కదిలితే బరువేం చేస్తుంది, అదీ నేలతోపాటు ఊగింది, పైగా ఊగడం ఆపడానికి ఇంకాస్త సమయం తీసుకుంది. తర్వాత రాతి పలక, దాని కింద సగానికి కోసిన రబ్బరు బంతులు. అది ఆస్పత్రిలో తోటి ఉద్యోగి ఇచ్చిన సలహా. బంతుల మీద రాయి, రాయి మీద ప్లేయరు, చూడ్డానికి సర్కస్‌లా తయారైంది, అక్క ఉంటే కడుపు పట్టుకుని నవ్వేది. ఆ తర్వాత సైకిలు ట్యూబులో కొంచెం గాలి కొట్టి పలక కింద పెట్టింది, బాగానే ఉంది, వారం తిరక్కుండా గాలి దిగి ఒక పక్కకు ఒరిగింది, పాట కూడా ఒరిగినట్టే వినపడింది. చివరికి షాపుకు వెళ్తే అక్కడ మేకుల్లాంటి కాళ్లున్న స్టాండ్లు, గాజు పలకల స్టాండ్లు, మనిషంత ఎత్తు స్టాండ్లు. షాపువాడు అన్నీ చూపించి, అన్నీ విని, మీ నేల చెక్కదని ముందే చెప్పొద్దూ, అని నెత్తి కొట్టుకున్నాడు. చెక్క నేల మీద ఏది పెట్టినా అంతేనమ్మా, అసలు నేలకు తగలకుండా గోడకు బిగించుకోండి. గోడ మాత్రం గట్టిదై ఉండాలి. ఇటుక గోడ. డొల్లగా మోగే గోడకు బిగిస్తే గోడే తప్పెట అయి కూర్చుంటుంది.

ఇంటికొచ్చి గోడలన్నీ వేలి కణుపులతో కొట్టి చూసింది. డాక్టరు వీపు మీద కొట్టి చూస్తాడే, అలా, చెవి గోడకు ఆనించి. హాలుకూ తన గదికీ మధ్య గోడ డొల్ల, పలకల గోడ. తన గదికీ వంటింటికీ మధ్యదీ డొల్లే. హాల్లోనూ తన గదిలోనూ వీధి వైపంతా కిటికీలే, వాటి కింద మోకాలెత్తు గోడ. వంటింట్లో పొయ్యి వెనకాల ఇటుక గోడ ఉంది, అక్కడ పెడితే రికార్డులు అప్పడాల్లా వంగిపోతాయి. ఇక మిగిలింది ఒక్కటే. కొట్టి చూడకుండానే ఆమెకు తెలుసు, చిన్నప్పుడు బంతి విసిరితే చేతికి తిరిగొచ్చే గోడ ఎలా ఉంటుందో ఒంటికి తెలిసినట్టు. అక్క గదిలో, మంచం తల వైపు, భవనం బయటి గోడ. మూరెడు మందం. కొడితే వేలికి నొప్పి తప్ప చప్పుడు రాదు.

ఆ గోడకు పెట్టాలంటే మంచం తీసెయ్యాలి. అదీ సంగతి. మంచం తీస్తే అది అక్క గది కాదు.

ఆమె ఇప్పుడు ఆ గది గుమ్మంలో నిలబడి ఉంది, లోపలికి వెళ్లకుండా, ఫోన్ చేతిలో అలాగే ఉంది. మంచం మీద దుప్పటి లేని పరుపు, పరుపు మీద అక్క ఒరిగి పడుకునే చోట పల్లం, కొక్కేనికి వేలాడుతున్న ఈల దారం, ఈల లేదు, దారం ఒక్కటే. గది అలాగే ఉంచవే, వస్తూ పోతూ ఉంటాగా, అంది అక్క వెళ్లేటప్పుడు. వచ్చింది, ఒకసారి. హాల్లో కుర్చీ అంచు మీద కూర్చుంది. ఎండలో వచ్చిందేమో మొహమంతా చెమట. కొన్ని నీళ్లు తాగొచ్చా, అని అడిగింది. ఆ ఇంట్లో ఆ గ్లాసులు కొన్నది అక్క. ఆ కుండ పగిలితే కొత్తది మోసుకొచ్చింది అక్క. నీళ్లు తాగొచ్చా అని అడిగిన మాటకు ఆమె లేచి వెళ్లి తనే తెచ్చిచ్చింది, అతిథికి ఇచ్చినట్టు, గ్లాసు కింద చెయ్యి పట్టి. ఇద్దరూ అది గమనించారు.

ఆస్పత్రిలో ఆమె పని చెవుల పరీక్ష. చప్పుడు చొరబడని గది ఒకటి ఉంటుంది, గదిలో గది, దాన్ని రబ్బరు దిమ్మెల మీద నిలబెట్టారు, కారిడార్లో స్ట్రెచర్లు దొర్లినా లోపలికి అదురు రాదు. మనిషిని లోపల కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, ఇటు అద్దం వెనక నుంచి ఒక్కో స్వరం పంపిస్తుంది, పెద్దది, చిన్నది, ఇంకా చిన్నది. వినపడితే చెయ్యెత్తండి. కొందరు వినపడకపోయినా ఎత్తేస్తారు, ఏదో వినపడాలన్న ఆశతో. ఒకావిడైతే మొన్న చెయ్యెత్తి దించలేదు. ఏమ్మా, ఏం వినపడుతోంది, అని అడిగితే, మా ఇంట్లో తలుపు గడియ చప్పుడమ్మా, అంది. అప్పుడామె ఏ స్వరమూ పంపించడం లేదు. కాగితం మీద ఏం రాయాలో తోచక ఖాళీ వదిలేసింది. భోజనాల వేళ అందరూ బయటికెళ్లినప్పుడు ఒక్కోసారి తనే ఆ గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని కూర్చుంటుంది. ఒకప్పుడది సుఖంగా ఉండేది. ఇంట్లో రోడ్డు రోలరు, బయట బస్సులు, ఇక్కడ మాత్రం తన రక్తం తిరిగే చప్పుడు తనకే వినపడేంత నిశ్శబ్దం. ఈ మధ్య వెళ్లడం మానేసింది. ఇంటికొస్తే అదే గది.

అక్కకు పెళ్లంటే ఎవరు నమ్మారు. ఆమె నమ్మిందా. పదవీ విరమణకు దగ్గర పడ్డ మనిషి, మోకాళ్లకు పట్టీలు కట్టుకుని పరుగు పందాలు పెట్టే మనిషి. ఒకరోజు స్టాప్‌వాచీ ఆగిపోయింది, బాగుచేయించడానికి తీసుకెళ్లింది, అంతే. ఆ తర్వాత ఆ స్టాప్‌వాచీకి వారానికో రోగం. ఇవాళ ముల్లు ఇరుక్కుందే. ఇవాళ బొత్తాం నొక్కుకోవడం లేదే. పారేసి కొత్తది కొనుక్కోరాదూ, అంటే అక్క ఒంటికాలి మీద లేచింది, అంత మంచి వాచీని పారేస్తారా ఎవరైనా, అని. ఆ కోపంలోనే అర్థమైపోవాలి ఆమెకు. చెవుల పరీక్ష చేసే మనిషికి అక్క గొంతులో మార్పు వినపడలేదు. చివరికి అక్కే చెప్పింది, కూరగాయలు తరుగుతూ, తల ఎత్తకుండా, గడియారాలు బాగుచేసే ఆయన ఉన్నాడు చూడూ, ఆయనా నేనూ అనుకుంటున్నాం, అని. ఏం అనుకుంటున్నారు, అంది ఆమె. అక్క కత్తి ఆపి, అంత మొద్దువా పిల్లీ నువ్వు, అంది, సిగ్గుపడి, మొట్టమొదటిసారి మెల్లగా. రిజిస్ట్రారు ఆఫీసులో సాక్షి సంతకం ఆమే పెట్టింది. ఆయన సన్నగా, వంగిన మెడతో, కళ్లజోడు నుదుటి మీదకు తోసుకుని, మాట్లాడితే తన గొంతు తనకే ఎక్కువైనట్టు మాట్లాడే మనిషి. అక్క పక్కన నిలబడితే పెద్ద చెట్టు పక్కన పెట్టిన సైకిల్లా ఉన్నాడు. ఆమెతో ఆరోజు ఆయన అన్నదల్లా, మీరూ వస్తూండండి, అని. ఆమె సరేనండీ అంది. వెళ్లలేదు. ఇవాళ ఆస్పత్రిలో పని, రేపు ఒంట్లో బాగాలేదు, ఎల్లుండి స్టాండు కోసం షాపుకెళ్లాలి. అక్కా ఎక్కువ బలవంతం చెయ్యలేదు. ఆయన్ని ఆమె ఏమీ పిలవలేదు ఇంతవరకూ. బావగారు అన్న మాట నాలుకకు కొత్త చెప్పులా ఉంది, ఎక్కడో కరుస్తుంది.

అసలు ఆమె మనసులో ఏముందో ఆమెకు తెలియదా. తెలుసు. పగలు గుర్తు చేసుకోదు గానీ తెలుసు. మంచం ఎందుకు తియ్యడం లేదు, పరుపు ఎందుకు మడవడం లేదు, స్నానాల గదిలో రెండో సబ్బు ఎందుకు పెడుతోంది. ఈ వయసులో ఒకరికొకరు సర్దుకోవడం అంత తేలికా. ఆయన మెత్తటి మనిషి, అక్క మోత. ఏదో ఒకరోజు సంచీ సర్దుకుని, ఆ మెట్ల మీద ధబధబమంటూ ఎక్కి వచ్చి, నావల్ల కాలేదే పిల్లీ, ఒకటే నిశ్శబ్దం, ఊపిరాడ్డం లేదు, అంటుంది. ఆ మాట అక్క గొంతుతో ఆమె ఎన్నిసార్లు విన్నదో. ఏ స్వరమూ పంపించకుండానే చెయ్యెత్తినావిడ గుర్తొచ్చింది ఆమెకు.

ఫిట్టర్ వచ్చేలోపు అడిగేస్తే పోతుంది కదా, అనుకుంది. నీ గది గోడకు ప్లేయరు బిగించుకోనా అక్కా, అని. ఊరికే, మామూలుగా. అక్క బిగించుకోవే అంటే ఒక అర్థం, వద్దులే, వేరే గోడ చూడు, అంటే ఇంకో అర్థం. రెండో అర్థం కోసమే చేస్తున్నానని తెలిసీ చేసింది. అటు ఫోన్ మోగుతుంటే గుమ్మానికి ఆనుకుంది. మోగి మోగి ఎత్తారు. అక్క కాదు.

"హలో... అండీ... ఆవిడ బజారుకెళ్లారు. ఫోన్ ఇక్కడే మర్చిపోయారు" అన్నాడాయన. వెనక ఎక్కడో చాలా గడియారాలు, ఒకదానికొకటి పొత్తు కుదరకుండా, చినుకుల్లా.

"అలాగా. ఏం లేదండీ, ఊరికే చేశాను."

"రాగానే చెబుతాను." పెట్టేస్తాడనుకుంది. పెట్టలేదు. గొంతు సవరించుకున్నాడు. "మీరు... మిమ్మల్ని ఒకటి అడగొచ్చా? ఆవిడ లేనప్పుడే అడుగుదామనుకుంటున్నాను చాన్నాళ్లుగా."

"అడగండి" అంది.

"ఆవిడ మీ ఇంట్లో కూడా ఇంతేనా? ఇంత మెల్లగా నడిచేవారా?"

మెల్లగానా, అక్కేనా, అని ఆమె అనేలోపే ఆయన చెప్పుకుపోయాడు, తడబడుతూ, ఎవరైనా వింటారేమో అన్నట్టు. మా ఇల్లు కూడా చెక్క నేలేనండీ, నా బల్ల కిటికీ దగ్గర. వచ్చిన కొత్తలో ఒకరోజు నేనేదో విప్పి పెట్టుకున్నాను, ఆవిడ గదిలోంచి ఇలా వచ్చారు, బల్ల అదిరి చక్రాలన్నీ కింద పడ్డాయి. నేనేమీ అనలేదు, ఒట్టు, నవ్వాను కూడా. ఆవిడ మోకాళ్ల మీద కూర్చుని అన్నీ ఏరిచ్చారు. ఆరోజు నుంచీ వేళ్ల మీద నడుస్తున్నారు. నేను పని చేస్తున్నంతసేపూ ఒక మూల కూర్చుంటారు, కాళ్లు పైకి పెట్టుకుని. లేవాలంటే నావైపు చూసి లేస్తారు. ఆవిడకు మోకాళ్ల నొప్పులు కదా, వేళ్ల మీద నడవడం మంచిది కాదు కదా.

కాళ్లు పైకి పెట్టుకుని. ఆమెకు ఆ కుర్చీ కనపడింది, ఆ మూల కనపడింది, కళ్లతో ఆయన్ని అడిగి లేస్తున్న అక్క కనపడింది. ఆ వెంటనే, ఎక్కడో లోపల, నీచమైన సంతోషం ఒకటి గిరుక్కున తిరిగి తల ఎత్తింది. చూశావా, ఇమడలేకపోతోంది. వచ్చేస్తుంది. మంచం తియ్యనక్కర్లేదు. ఫిట్టర్‌కు ఫోన్ చేసి రావద్దని చెప్పెయ్. ఇదంతా ఆయన ఊపిరి తీసుకునేంతలో ఆమె అనేసుకుంది, పరుపు మీద పల్లం వైపు చూస్తూ, అక్కడ దుప్పటి కూడా పరిచేసుకుంది మనసులో, నీలం గళ్లది.

"అందుకని మిమ్మల్ని అడుగుదామని" అన్నాడాయన. "మీ దగ్గర రికార్డు ప్లేయరుంది కదా. అదీ సున్నితమైనదే కదా. ఆవిడ మామూలుగా నడిచినా కదలకుండా మీరు దాన్ని దేనిమీద పెట్టారు? అలాంటిదే ఒకటి నా బల్లకు చేయించుకుందామని."

దేనిమీద పెట్టాను. పొట్టి బీరువా మీద పెట్టాను, పెట్టి మెల్లగా అని అరిచాను. నల్లగా ఉన్న జుట్టు తెల్లబడేదాకా అరిచాను. అక్క కాళ్లు పైకి పెట్టుకోవడం నేర్చుకున్నది ఈ హాల్లోనే. ఈయనొచ్చి ఎన్నాళ్లైంది, ఇంకా బావగారూ అని పిలుపు కూడా అందుకోలేదు, ఆవిడ నడక మార్చాలని తోచలేదు ఈయనకు, బల్ల మార్చాలని తోచింది. అటువైపు గడియారాలు చినుకుతూనే ఉన్నాయి. ఎగిరిన సంతోషం ఎటు పోయిందో తెలియలేదు, అది ఉన్న చోట ఇప్పుడు చల్లగా, విశాలంగా, మంచం తీసేసిన గదిలా ఉంది. అక్క రాదు. ఇక రాదు. ఇలాంటి మనిషి దగ్గర్నుంచి ఎవరు మాత్రం వస్తారు.

"నేల మీద ఏది పెట్టినా లాభం లేదండీ" అంది. తన గొంతు తనకే ఆస్పత్రి గొంతులా వినపడింది, స్పష్టంగా, తొణక్కుండా. "గోడకు బిగించండి. బల్ల కాళ్లు నేలకు తగలకూడదు. ఇటుక గోడ ఉందా?"

"ఉంది. లోపలి వైపు. కిటికీకి ఎదురుగా."

"అటైతే మీకు వీధి కనపడదు కదా?"

"వీపు వైపు అవుతుంది" అన్నాడు. కాసేపు ఆలోచించాడు, ఆ కిటికీ దగ్గర ఎన్నేళ్లు కూర్చున్నాడో ఆ ఏళ్లన్నీ ఒకసారి చూసి వచ్చినట్టు. "ఫర్వాలేదులెండి. చూసిన వీధేగా."

కొట్టి చూడండి, డొల్లగా మోగకూడదు, అంది ఆమె. ఇనప బ్రాకెట్లు తీసుకోండి, మందంగా ఉన్నవి, పలక కింద రబ్బరు వెయ్యండి. ఆయన మెల్లగా ఒక్కోటీ తిరిగి చెప్పుకున్నాడు. "ఆవిడకు చెప్పకండి. చెబితే నాకోసం బల్ల మార్చడమేమిటని వద్దంటారు" అన్నాడు.

"చెప్పను బావగారూ."

మంచిదమ్మా, అన్నాడాయన, అండీ మానేసి. ఫోన్ పెట్టేశాక ఆమె గుమ్మం దాటి లోపలికి వచ్చింది. పరుపు చుట్టింది. బరువుగా ఉంది, ఒక చివర పట్టుకుంటే ఇంకో చివర తెరుచుకుంటోంది, ఎప్పుడూ ఇద్దరూ కలిసి చుట్టేవాళ్లు, అక్క మోకాలితో నొక్కితే తను తాడు కట్టేది. ఇప్పుడు తనే మోకాలితో నొక్కి, తనే తాడు అందుకుని, తాడు పళ్లతో పట్టుకుని ముడి వేసింది. మంచం పక్కకు లాగుతుంటే నేల మీద దాని కాళ్ల కింద పాత మెరుగు కనపడింది, ఎవరూ తొక్కనిది, కొత్తగా పరిచినట్టు ఎర్రగా, నాలుగు మూలలా నాలుగు చుక్కలు. ఏడుపొస్తుందేమోనని చూసుకుంది. రాలేదు. అలసట వచ్చింది, గొంతెండిపోయింది. వంటింట్లోకి వెళ్లి కుండలోంచి ముంచుకుని నిలబడే తాగింది.

ఫిట్టర్ వచ్చాడు, చెప్పిన దానికంటే ఆలస్యంగా, మాటల మనిషి. గోడను అరచేత్తో చరిచి, ఇది గోడంటే, అన్నాడు. డ్రిల్లింగ్ మిషను పెట్టగానే ఇల్లంతా పళ్లు నూరినట్టైంది, ఎర్రటి ఇటుక పొడి సన్నగా ధారకట్టి నేల మీద పడింది. ఈ గది ఎవరిది మేడమ్, ఖాళీగానే ఉందా, అని అడిగాడు, అడగాలని కాదు, చేతులు పని చేస్తుంటే నోరు ఊరుకోక. నాదే, అంది ఆమె. బ్రాకెట్లు బిగించాడు, వాటి మీద తన ఒంటి బరువంతా వేసి వేలాడి చూశాడు, పలక పరిచాడు, మట్టం పెట్టి చూసి ఒక పక్క కొంచెం దించాడు. ఇద్దరూ చెరో పక్కా పట్టుకుని ప్లేయరు తెచ్చి ఎక్కించారు. ఆమె వైర్లు తగిలించి, వయొలిన్ రికార్డు కవర్లోంచి తీసి, పొడి తగలకుండా పైటతో ఒకసారి తుడిచి పెట్టింది. సాయంత్రపు ఎండ గోడ మీద పడుతోంది, ఆ గదిలో ఆ వేళ ఎండ అక్కడిదాకా వస్తుందని ఆమెకు ఇన్నాళ్లూ తెలియదు.

"ఇప్పుడు నడవండి మేడమ్. గట్టిగా" అన్నాడు ఫిట్టర్ చేతులు కట్టుకుని.

ఆమె నడిచింది. వయొలిన్ అలాగే సాగుతోంది. అలా కాదు మేడమ్, మీరు నడిస్తే నాకే వినపడ్డం లేదు, గెంతండి, నేను చేసిన పనికి పరీక్ష ఉండాలి కదా, అన్నాడు. మీరే గెంతండి, అంది. నా బూట్లకు మట్టి ఉంది, మీరే. ఆమె గది మధ్యలో నిలబడింది, మంచం కాళ్ల గుర్తుల నడుమ. చీర కాస్త పైకి పట్టుకుంది. ఈ వయసులో, ఎవరో తెలియని మనిషి ముందు. గెంతింది. గ్లాసులు మోగాయి, కిటికీ రెక్క కొట్టుకుంది, పక్కనున్న సామానంతా అదిరింది. ముల్లు కదల్లేదు. పాట తన దారిన తను వెళ్తోంది, ఈ ఇంట్లో నడిచేవాళ్లు గాని గెంతేవాళ్లు గాని ఉన్నారని దానికి తెలియనే తెలియనట్టు. చూశారా, అన్నాడు ఫిట్టర్, ఇక మీరు ఇంట్లో ఏనుగును కట్టేసుకున్నా ఫర్వాలేదు. ఆమె నవ్వింది. మళ్లీ గెంతింది. అవసరం లేదు మేడమ్, అయిపోయింది, బిగిసిపోయింది, అంటున్నాడు అతను సామాను సర్దుకుంటూ. ఆమె ఇంకోసారి గెంతింది, రెండు మడమలూ నేలకు తగిలేలా, మైదానంలో పిల్లల వరసకు చేసి చూపిస్తున్నట్టు, వంగి, లేచి, చేతులు చాచి. మడమలు జివ్వుమన్నాయి. వయొలిన్ తొణక్కుండా పైకి వెళ్తోంది.

అతన్ని పంపించి తలుపు వెయ్యబోతుంటే కింది మెట్ల మీద చప్పుడైంది. కింది వాటాలో ఉండే ముసలావిడ, పైకి ఎప్పుడూ ఎక్కని మనిషి, గోడ పట్టుకుని సగం మెట్లెక్కి ఆగి, తల పైకెత్తి చూస్తోంది. ఆయాసంతో మొహం ఎర్రబడింది, కళ్లు మాత్రం వెలుగుతున్నాయి.

"ఏమ్మా, పెద్దమ్మాయి వచ్చిందా?" అని అడిగింది. "అడుగుల చప్పుడు వినపడితేనూ... ఎన్నాళ్లైందో, ఒకసారి చూసి పోదామని లేచొచ్చా."

ఆమె రెయిలింగు పట్టుకుని కిందికి చూసింది. వెనక గదిలో రికార్డు ఇంకా తిరుగుతోంది.

"లేదండీ" అంది. "నేనే."